గంటబండిని ఏటి దాకా తోలినవాడు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఊళ్లోకి వచ్చిన ఎర్ర ఫైరింజనును జనం గంటబండి అనేవాళ్లు. దాన్ని తోలిన మొనగాడు బసవరాజు. పత్తి మిల్లు మంటలార్పింది ఆయనే, కట్టెల అడితిని బూడిద కాకుండా కాపాడింది ఆయనే. ఇక గడ్డివాములకు లెక్కే లేదు. శుక్రవారం శుక్రవారం బండి మీది ఇత్తడి గంటను చింతపండుతో తోమేవాడు. ఆ పనిలో ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చింది లేదు.

ఒక ఎండాకాలం, దాపు పల్లెలో వాము అంటుకుందంటే గంట కొట్టుకుంటూ పోయాడు. మంట ఆరేసరికి బండి వెనక ఆడవాళ్లు బిందెలతో బారు తీరి ఉన్నారు.

"ఏమప్పా, సర్కారోళ్ల నీళ్లబండి ఇన్నాళ్లకా వచ్చేది?" అంది ముందున్న భీమమ్మ.

"ఇది మంటలార్పే బండి గదమ్మా."

"మా గొంతులు మండేది నీకు అగపడల్యా?"

ఆయనకు నవ్వొచ్చింది. ట్యాంకులో మిగిలినవి తాగే కాలువ నీళ్లే. అన్నీ బిందెల్లోకి వదిలేశాడు. ఆనాటి నుంచి నిండు ట్యాంకుతో తప్ప బండిని షెడ్డు దాటించలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయిన ఏడే, బండినీ అక్కడికి పంపమన్నారు. కర్నూలుకు చేత్తో కొట్టే చిన్న పంపు మిగిలింది. బండి కోసం అక్కడి డ్రైవరు మహబూబు వచ్చాడు. బసవరాజు ఆయన్ను అడిగింది ఒకటే.

"తుంగభద్ర దాకా నేను తోలుతానప్పా. ఈ ఒక్కతూరి."

"కాగితాల్లో పేరు నాది, స్టీరింగు నీదా పెద్దాయనా?" అంటూనే మహబూబు పక్కకు జరిగాడు.

గట్టున బండి ఆపి, గొట్టం ఏట్లోకి దింపి ట్యాంకు నింపాడు బసవరాజు.

"దావంతా ఈ బరువెందుకు?" అన్నాడు మహబూబు.

"యాడన్నా బిందె పట్టుకొని నిలబడింటారు. వాళ్లకు పోసి పో."

బండి ఏరు దాటింది. గంట చప్పుడు వినబడినంతసేపూ గట్టునే నిలబడి, బసవరాజు నడిచి ఇంటికొచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే చింతపండు నానేసి కూర్చున్నాడు.

"ఇంకా ఏం తోమాలని?" అంది భార్య గురమ్మ.

"మన బిందె ఉండాది గదా."

తళతళలాడేదాకా తోమాడు. బోర్లించి, వేలి కణుపుతో ఒకసారి కొట్టి చెవి ఒగ్గాడు. ఆ గంట మోత కాదు. మళ్లీ చింతపండు అందుకున్నాడు.