తంపర నీరు, కందిపప్పు

మా ఊరి పొలాలకూ సముద్రపు పాయకూ నడుమ, ఏడాది పొడవునా మంచినీరు నిలిచి తుంగ పెరిగే పల్లపు నేల ఒకటుండేది. శ్రీకాకుళం సీమలో అటువంటి నేలను తంపర అంటారు. అరవయ్యో దశకం చివర, నేను ఆ ఊరి బడిలో తెలుగు పండితుడిగా ఉండగా, దానిని ఎండగట్టి వరి వేయాలని రైతులు తలపెట్టారు. ప్రభుత్వానికి అర్జీ రాసిపెట్టమని నన్నడిగారు. నేను తంపర గట్టునైనా ఎన్నడూ తొక్కి ఎరుగను. అయినా ‘దోమలకు పుట్టినిల్లు, జనులకు నిష్ప్రయోజనము’ అంటూ దీర్ఘసమాసాలతో నాలుగు పుటలు నింపాను. చదివి వినిపిస్తే అందరూ తలలూపారు. ఎందరికి అర్థమైందో నేనడగలేదు.

జవాబు రాకముందే, ఆ అర్జీ ఇచ్చిన ఉత్సాహంతో, మాఘమాసంలో తంపర నుంచి పాయ దాకా కాలువ తవ్వేశారు. నీరు పోయింది. అమావాస్య పోటుకు, పోయిన దారినే ఉప్పునీరు లోపలికి వచ్చింది. ఫాల్గుణం గడిచేసరికి మా పెరటి నూతి నీరు నోట పెట్టలేకపోయాము.

ముందుగా కనిపెట్టినది మా ఇంటావిడ. ఎంతసేపు కూర్చుని మంట ఎగదోసినా, ఉప్పెక్కిన ఆ నీటిలో కందిపప్పు మెదగలేదు.

“ఏమిటీ పప్పు?” అన్నాను విస్తరి ముందు.

“మీ అర్జీలో సమాసాలలాగే ఉంది. నమలడం మీకు అలవాటే కదా!” అన్నదామె.

తంపరలో తుంగ కోసి చాపలల్లే ముసలమ్మ ఒకామె మా వీధిని పోతుంటే పిలిచి, ఉపాయమడిగాను. ఆమె నవ్వింది.

“ఏటి పంతులుగారూ, గుమ్మం తీసినాక ఎల్లీవోలే ఎల్తారా? వచ్చీవోలూ వస్తారు. తంపర నిండుగున్నన్నాళ్లూ ఉప్పుని అదే ఆపీది. కాలవ కప్పించండి. వానొస్తే నూతిలో మల్లీ తీపి దిగుతాది.”

“దిగకపోతేనో?”

“అప్పుడు మీ కాగితం నానబెట్టుకొని తాగండి.”

మరునాడు రైతుపెద్ద ఇంటి అరుగెక్కి, నేను రాసినది తప్పని ఒప్పుకున్నాను.

“రాసినోరు మీరే, ఇప్పుడు వొద్దన్నోరూ మీరేనేటి!” అని ఆయన మండిపడ్డాడు.

లోపలి నుంచి ఆయన భార్య అందుకున్నది: “ఆయన్నేటంతావు? మన గేదె నాల్రోజులై తొట్లో మూతెట్టనేదు. సూడనేదేటి నువ్వు?”

ఆయన తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. పున్నమి పోటుకు ముందే కాలువ పూడ్చారు. నేనూ గంపతో మన్ను మోశాను; సగం నా నెత్తిమీదే పడింది.

వేసవి అంతా దూరపు చెరువు నుంచి కావిళ్లతో నీరు తెచ్చుకున్నాము. ఆషాఢంలో వానలు పడి తంపర నిండింది, తుంగ చిగిర్చింది. నేను రోజూ నూతి నీరు దోసిట పట్టి పుక్కిలించి ఉమ్మేవాణ్ణి. నాలుకకు ఇంకా ఉప్పే తగిలేది; నేను రాసినదాన్ని అది మరవనిచ్చేది కాదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం మా ఇంటావిడ పప్పు వడ్డించింది. వేలితో నొక్కితే వెన్నలా మెదిగింది.

“మన నూతి నీళ్లేనా?”

“తినండి ముందు” అన్నదామె, నేతిగిన్నె దగ్గరకు జరుపుతూ. నేను మూడు మార్లు వడ్డించుకున్నాను.

కార్తికంలో నా అర్జీ పట్టుకొని ఒక అధికారి వచ్చాడు. భాష బహు రమ్యంగా ఉన్నదని మెచ్చుకున్నాడు. రైతుపెద్దే బదులు చెప్పాడు:

“ఎనక్కి తీస్కెల్లిపోండి బాబూ. అది రాసినప్పటికి మా పంతులుగారికింకా ఉప్పు తగల్నేదు.”