మాస్టారి ఆసిలేటర్

ఎలక్ట్రానిక్స్ ల్యాబులోకి ముందు బొజ్జ వస్తుంది, దాని వెనక మాస్టారు వస్తారు. చొక్కా జేబులో టెస్టరు మెరుస్తుంటుంది గానీ, దాని మొన ఇంతవరకు ఏ స్క్రూనూ ముట్టుకోలేదు. అలలు పుట్టించే ఆసిలేటర్ ఆగకుండా ఊగాలంటే రెండే షరతులని రోజూ కళ్లు మూసుకుని వల్లిస్తారు: చుట్టు తిరిగి వచ్చిన సిగ్నలు మొదటిదానితో అడుగు కలపాలి, దారిలో తరిగిపోకూడదు. విద్యార్థుల సర్క్యూట్ మొరాయిస్తే, "మీ మొహాలకి అదెందుకు ఊగుతుందిరా!" అని కసురుతారు.

విభాగాధిపతి కుర్చీ కావాలంటే సొంత సర్క్యూట్ చూపించాల్సిన రోజు ఆయనకీ వచ్చింది. ప్రిన్సిపల్ మేడమ్ ఎదుట, సిగ్నలుని గీసి చూపే ఆసిలోస్కోప్ తెర మీద అల నిలకడగా ఊగింది.

"చూడండి మేడమ్, తరుగూ లేదు, తడబాటూ లేదు!"

మేడమ్ బల్ల కిందికి వంగి చూశారు. "బాగుంది మాస్టారూ. మరి మీ సర్క్యూట్‌కి కరెంటిచ్చే ప్లగ్గు నేల మీద పడుందేంటి?"

ఆ అల, సర్క్యూట్‌కి తగిలించిన పొడుగాటి వైరు గదిలోని కరెంటు లైన్ల నుంచి పట్టుకొచ్చిన గోల. మాస్టారు గబగబా ప్లగ్గు పెట్టారు. అల కాస్తా చదునైపోయి గీతలా పడుకుంది. పీకేశారు. మళ్లీ లేచింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అదే మేడమ్ దీని గొప్పతనం. కరెంటు ఖర్చు కూడా లేదు!"