ఫర్నేసు గది ముందు స్టూలు

ఎంత తొందర పనైనా సరే, మనిషిని కాసేపు స్టూలు మీద కూర్చోబెట్టనిదే ముందుకు పోనివ్వకపోవడం బాబాయికున్న ఏకైక జబ్బు. లోహాలను పరీక్షించే ల్యాబులో ఫర్నేసు గది ఆయన ఏలుబడి. వేలెడంత కడ్డీని అందులో ఎర్రగా కాల్చి, కింద బరువు వేలాడదీసి, అది వెంట్రుకవాసి చొప్పున ఎలా సాగుతుందో నెలల తరబడి చూస్తారు. గుమ్మం ముందు మూడుకాళ్ళ స్టూలు ఉంటుంది. వచ్చినవాడు ఎంతటివాడైనా దాని మీద కూర్చుని ఒళ్ళు చల్లబరుచుకోవాల్సిందే. లేకపోతే ఆ వేడి కడ్డీకి తగులుతుందట.

"లోపల ఏడొందల డిగ్రీలుంటే నా ఒంటి వేడి దానికో లెక్కా బాబాయ్?" అని అదే ల్యాబులో చేరిన అన్న కూతురు మొదటిరోజే అడిగింది.

"వాదనతో ఇంకాస్త వేడెక్కావు. ఇంకాసేపు కూర్చో" అన్నాడు బాబాయి.

ఇంట్లోనూ ఇలాంటి స్టూలే, ఇదే తంతు. గొడవ పెట్టుకుందామని రొప్పుతూ వచ్చిన తోడల్లుడు స్టూలెక్కి, గోడకు చేరగిలబడి, గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచాక ఎందుకొచ్చాడో మరిచిపోయి కాఫీ తాగి వెళ్ళాడు. పిన్ని కూడా తక్కువేం తినలేదు. బాబాయి ఆకలి మీద చిందులు తొక్కితే స్టూలు చూపించి వంటింటి తలుపేసుకునేది.

అమ్మాయి ఏళ్ళ తరబడి కిందామీదా పడి తయారుచేసిన మిశ్రలోహం చివరికి ఫర్నేసుకెక్కింది. బరువు పడగానే కడ్డీ గబగబా సాగింది. ఏ లోహమైనా మొదట్లో సాగుతుంది, మంచిదైతే తర్వాత నిలదొక్కుకుని నెమ్మదిస్తుంది. ఇది నెమ్మదించే సూచనే లేదు. ఇక లాభం లేదు, కడ్డీ దింపించి ఫర్నేసు ఇంకొకరికి ఇచ్చేస్తానంటూ మేనేజరు బయల్దేరాడు. దింపితే ఆమె శ్రమంతా బూడిదలో పోసినట్టే.

బాబాయి స్టూలు చూపించాడు. మేనేజరు సణుక్కుంటూ కూర్చున్నాడు. అంతలో ఫోనొస్తే ఎవరి మీదో కేకలేస్తూ లేచాడు, తిరిగొచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. మళ్ళీ స్టూలు. ఈసారి పై అంతస్తు నుంచి పిలుపు. మెట్లెక్కి దిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. మళ్ళీ మొదటికే. మర్నాడూ అదే కథ.

ఆ సాయంత్రం అమ్మాయి లోపలి నుంచి వచ్చింది.

"నెమ్మదించింది బాబాయ్."

మేనేజరు లోపలికెళ్ళి స్క్రీను మీద గీతను చాలాసేపు చూసి, దింపొద్దన్నాడు. నెలలు గడిచాయి. పాత లోహాలన్నీ తెగిపోయే గడువు దాటి కూడా ఆ కడ్డీ చెక్కుచెదరకుండా వేలాడింది. ఆరోజు ల్యాబంతా చప్పట్లతో దద్దరిల్లింది.

మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. "నా మొదటి కడ్డీ కూడా ఇక్కడే వేలాడిందమ్మా. దాన్ని దింపించడానికొచ్చిన అప్పటి మేనేజరును కూర్చోబెట్టడానికే మీ బాబాయి ఈ స్టూలు తెచ్చాడు. ఒంటి వేడికీ కడ్డీకీ సంబంధం లేదని నాకూ తెలుసు."

"మరి మీరెందుకు కూర్చున్నారు సార్?"

"కోపంలో నా కడ్డీ సంగతి గుర్తురాలేదు. కూర్చున్నాకే గుర్తొచ్చింది."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఫర్నేసు గదికి పరుగెత్తింది. గుమ్మంలోనే బాబాయి చెయ్యి అడ్డుపెట్టాడు.

"సంతోషం కూడా వేడే. కూర్చో."

ఆమె నవ్వుతూ కూర్చుంది. తన వంతు కోసం మేనేజరు పక్కనే నిలబడ్డాడు.