నిద్ర పడుతున్నదని రాయొద్దన్న మనిషి

కరోనా రెండో దఫా నెమ్మదించిన ఏడాది, వానాకాలం మొదట్లో, గోదావరిఖనిలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో సీనియర్ కౌన్సెలర్‌గా చేరాను. అంతకుముందు కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో అదే పని చేశాను. కేంద్రం ఒక స్వచ్ఛంద సంస్థది. పాత క్వార్టర్లో రెండు గదులు, ఒక వరండా. నా పైన ఒక సమన్వయకర్త, నా కింద ఇద్దరు జూనియర్లు. మందులు రాసే అధికారం మాకు లేదు. అందుకు వారానికోసారి మానసిక వైద్యుడు వచ్చేవారు. మా పని మనిషి చేత మాట్లాడించడం, ఇంటికి వెళ్లి చూడడం, ఆ మనిషిని మళ్లీ పనిలోనూ బస్తీలోనూ నలుగురి మధ్య కూర్చోబెట్టడం. ఈ చివరిదాన్ని మా సంస్థవాళ్లు గోడ మీద ‘సమ్మిళితం’ అని రాయించారు. బస్తీవాళ్లు మాత్రం మమ్మల్ని ‘పిచ్చోళ్ల ఆఫీసు’ అన్నారు. రెండింటిలో ఏది అందరికీ అర్థమయ్యిందో చెప్పనక్కర లేదు.

నా సొంత ఊరు మంథని. గోదావరిఖని నాకు దూరమేమీ కాదు. అయినా బొగ్గుబాయి ఇళ్లలో నడిచే ఒక లెక్క నాకు అక్కడ ఉద్యోగం చేశాకే తెలిసింది. కార్మికుణ్ణి మెడికల్ బోర్డు, అంటే డాక్టర్ల బృందం, గని పనికి పనికిరాడని తేలిస్తే దాన్ని ‘అన్‌ఫిట్’ అంటారు. సర్వీసు ఇంకా మిగిలి ఉండగా అన్‌ఫిట్ అయితే ఇంట్లో ఒకరికి ఆ కొలువు వస్తుంది. కాబట్టి యాభై దాటిన మనిషి నడుం నొప్పి అన్నా, గుండె దడ అన్నా, తోటివాళ్లు ముందు అడిగేది ‘కొడుకు ఏం చదివిండు?’ అని. విరిగిన కాలును ఎక్స్‌రేలో చూపించవచ్చు. భయాన్ని చూపించడానికి ఎక్స్‌రే లేదు. అందుకే మా దగ్గరికి రావలసిన వాళ్లలో చాలామంది నటిస్తున్నారన్న పేరు పడుతుందని వచ్చేవారు కారు.

యోహాను కూడా తనంతట తాను రాలేదు. అతని భార్య మరియమ్మ తీసుకువచ్చింది. పేర్లు మార్చి రాస్తున్నాను. అతను సపోర్టుమన్, అంటే గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, ఇనుప బోల్టులు బిగించే పనివాడు. అతని తండ్రి కూడా ఆ బాయిలోనే పనిచేశాడట. కొన్ని నెలల ముందు అతను బిగించిన చోటికి నాలుగడుగుల అవతల కప్పు కూలింది. పక్కనున్న మనిషి కాలు నలిగింది, ప్రాణం దక్కింది. విచారణలో యోహాను తప్పేమీ లేదని తేలింది. ఆ తరువాత కూడా అతను రోజూ డ్యూటీకి వెళ్లాడు, హాజరు వేయించుకున్నాడు, టోపీదీపం పెట్టుకున్నాడు. గనిలోకి దిగే ఏటవాలు దారి మొదట్లో మాత్రం కాళ్లు ఆగిపోయేవి. ‘మంచిగ యాక్టింగ్ చేస్తున్నవు బావా, బోర్డుల గూడ గిట్లనే చెయ్యి’ అని షిఫ్టువాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు ఆపడానికి ఒకరోజు బలవంతంగా దిగాడు. లోపల చేతులు వణికి బోల్టు సరిగా పట్టలేకపోయాడు. సపోర్టుమన్ చేయి వణికితే ప్రమాదం అతనొక్కడికే కాదు. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ పైకి పంపేశాడు.

వైద్యుడు చూసి గోళీలు రాశారు, మెడికల్ బోర్డు ఏదో ఒకటి తేల్చేదాకా గనిలోకి దిగొద్దన్నారు. వారం వారం నాతో సిట్టింగులు. మొదటి సిట్టింగు భార్యాభర్తలిద్దరితో, తరువాతివి విడివిడిగా చేయడం మా పద్ధతి. మరియమ్మ పట్టు విడవక ప్రతిసారీ పక్కనే కూర్చునేది. నిద్ర ఎలా ఉంది అని నేను అడిగితే జవాబు ఆమే చెప్పేది. ‘ఎక్కడి నిద్ర మేడం, తెల్లందాంక కండ్లు తెరుచుకునే ఉంటడు.’ యోహాను తల ఊపేవాడు. నెలలు గడుస్తున్నా గోళీలు పనిచేయడం లేదంటే నాకు ఆశ్చర్యంగానే ఉండేది. వైద్యుడు మోతాదు పెంచుదామా అని ఆలోచిస్తున్నారు.

ఒక ఆదివారం మార్కెట్‌కు వెళ్లాను. చర్చి నుంచి వచ్చిన తెల్ల అంగీతో యోహాను ఒక బండి దగ్గర నిలబడి మిర్చిబజ్జీలు తింటున్నాడు. బండివాడితో ఏదో పరాచికమాడి గట్టిగా నవ్వుతున్నాడు. నన్ను చూశాడు. చేతిలో ఉన్న బజ్జీని పొట్లంలో పెట్టేసి, భుజాలు వంచి, ముఖం వేలాడేశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాళ్లు కూడా అంత తొందరగా మారరు. నాకు ముందు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. షిఫ్టువాళ్లు అన్నదే నిజమేమో అనుకున్నాను.

మరుసటి సిట్టింగుకు పద్ధతి గుర్తుచేసి మరియమ్మను వరండాలో కూర్చోబెట్టాను. నేను అడగకముందే యోహాను చెప్పాడు.

‘నిద్ర పడుతాంది మేడం. పానం నిమ్మలమైంది. రాయకుండ్రి. ఇంట్ల అసలే చెప్పకుండ్రి.’

అతను జబ్బు నటించలేదు. జబ్బు నిజంగానే వచ్చింది, తగ్గుతోంది. తగ్గినట్టు ఇంట్లో తెలియకుండా, భార్య నిద్రపోయేదాకా కళ్లు తెరుచుకుని ఉండి, ఆమె లేవకముందే లేచి కూర్చుంటున్నాడు. కొడుకు కిరణ్ ఐటీఐ చదివి ఇంట్లోనే ఉన్నాడు. తనకు నయమైతే కొడుకు నోటికాడి కూడు తీసినవాణ్ణవుతానని అతని బాధ. నా ఉద్యోగ జీవితంలో జబ్బును దాచుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆరోగ్యాన్ని దాచుకున్నవాణ్ణి చూడడం అదే మొదలు. పాపం అనిపించింది.

అతను వెళ్లాక మరియమ్మ వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి అడిగింది. ‘బోర్డు అయ్యేదాంక గోళీలు బందు పెడితె ఏమైతది మేడం?’

గోళీలు ఆపకూడదని చెప్పాను. అంతకుమించి చెప్పడానికి వీల్లేదు. భర్త నాతో ఒంటరిగా అన్నది అతని అనుమతి లేకుండా భార్యకు చెప్పడం మా వృత్తి నియమానికి విరుద్ధం. అలాగని నిద్ర పట్టడం లేదని రాస్తే నాది అబద్ధం, పైగా వైద్యుడు అక్కర లేని మోతాదు పెంచుతారు. ఇటువంటప్పుడు మిగిలే దారి కుటుంబ సిట్టింగు. అందులో కౌన్సెలర్ ఏదీ బయటపెట్టకూడదు, చెప్పవలసినవాడే చెప్పాలి. యోహానును ఒప్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ముగ్గురూ వచ్చారు. ఆయన బాగైతే మీకు ఏం భయం అని మరియమ్మను సూటిగానే అడిగాను. ఆమె కొడుకు కొలువు సంగతి ఎత్తుతుందనుకున్నాను.

‘బాగైతె మల్ల బాయిల దిగుమంటరు. దిగితె మల్ల కప్పు కూలదని మీరు రాసిస్తరా?’ అంది. ఏడవలేదు. నా మీద కోపంగా ఉంది.

కిరణ్ తల్లిని చూశాడు. ‘మరి నన్ను దిగుమంటున్నవు గదనే అవ్వా’ అన్నాడు.

‘నువ్వు సదువుకున్నవు, నిన్ను పైననే ఏస్తరు’ అని గొణిగింది. కొత్తగా చేరినవాణ్ణి ముందు ఎక్కడ వేస్తారో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

అప్పుడు యోహాను మాట్లాడాడు. ‘నాకు నిద్ర పడుతాంది మరియా. చానా దినాలసంది పడుతాంది. కొలువొక్కటే ఇచ్చేదైతె వానికి ఇద్దును. నా భయం గూడ ఇయ్యాలె గద.’

మరియమ్మ లేచి వరండాలోకి వెళ్లిపోయింది. ఆ సిట్టింగు అక్కడితో ముగిసింది.

అతని అనుమతితో వైద్యుడు బోర్డుకు ఉన్నది ఉన్నట్టు రాశారు: నిద్ర మెరుగైంది, మందు కొనసాగాలి, భూగర్భ పని తగదు. బోర్డు అతన్ని అన్‌ఫిట్ చేయలేదు, గని పైన పనికి తగినవాడని తేల్చింది. టోపీదీపాలు ఇచ్చి తీసుకునే దీపాల గదిలో వేశారు. జీతం తగ్గింది. షిఫ్టువాళ్ల నవ్వు ఒక్కరోజులో ఆగలేదు. అన్‌ఫిట్ కోసం నాటకమాడుతున్నాడని తాము అన్న మనిషి అన్‌ఫిట్ కాకుండా తిరిగి రావడంతో వాళ్ల దగ్గర మాటలు అయిపోయాయి. కొన్నాళ్లకు టీ తాగేటప్పుడు అతన్ని కూడా పిలవసాగారు. కిరణ్ ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచి తవ్వే గనిలో, ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడపడానికి కుదిరాడు. అది పర్మినెంటు కొలువు కాదు, ఆ సంగతి మరియమ్మ మరిచిపోలేదు. నేను పదవీ విరమణ చేసేదాకా మార్కెట్లో ఎదురుపడితే ఆమె తల తిప్పుకునే వెళ్లేది. నేనూ పలకరించలేదు. ఆమెకు నా వల్ల నష్టం జరిగిన మాట నిజం.

ఆ కేసు తరువాత మొదటి సిట్టింగులో అడిగే ప్రశ్నలకు నేను ఒకటి చేర్చాను. ఈ మనిషికి నయమైతే ఇంట్లో ఎవరికి ఏం పోతుంది? జూనియర్లకు అది మొరటుగా అనిపించింది, తీసేద్దామన్నారు. నేను తీయనివ్వలేదు. అడిగిన ప్రతి ఇంట్లోనూ ముందు అందరూ ఏమీ పోదనే అన్నారు. జవాబు చెప్పే ముందు వాళ్లు ఎవరి ముఖం చూశారో గమనించి, తరువాతి సిట్టింగుకు ఆ మనిషిని ఒంటరిగా పిలిచేదాన్ని.