అద్దం మీది బిళ్ళ

చింతగింజను నాలుక కింద దాచుకుని మాట్లాడినట్టు ఇన్నేళ్లు మాట్లాడాను. మింగలేదు, ఉమ్మలేదు. ఇవాళ మీ ముందు ఉమ్ముతున్నాను. జాలి పడకండి. క్షమించమని అడగడానికి రాయడం లేదు. మీరు క్షమించినా నాకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే నేను చేసింది మీకు కాదు.

నేను కోతలరాయుణ్ణి. మా లక్సెట్టిపేటలో ఎవర్నడిగినా చెబుతారు. చెన్నూరు దగ్గర గోదావరిలో నేను పట్టిన చేప వీపు మీద నుంచి ఎడ్లబండి దాటించానని చెప్పే మనిషిని. అందరూ నవ్వుతారు. ఒక్క మా అక్క మాత్రం నవ్వదు. కళ్లు పెద్దవి చేసి "నిజమే తమ్మీ?" అంటుంది.

అనేది.

అక్కకు తలలో గడ్డ లేచింది. ఎడమ వైపు, మాట పుట్టే చోటికి ఆనుకుని. బావ దుబాయిలో ఉన్నాడు, వెంటనే రాలేకపోయాడు. కరీంనగర్ ఆసుపత్రిలో నేనే ఆమె దగ్గర ఉన్నాను. గుండు చేసి, తల చుట్టూ గుండ్రటి స్టిక్కర్లు అంటించి, ఎమ్మారై తీశారు. మర్నాడు సీటీ తీయాలి. ఒకదానిలో గడ్డ బాగా కనబడుతుందట, ఇంకోదానిలో ఎముక బాగా కనబడుతుందట. రెంటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచి, అది చూసుకుంటూ కోస్తారు. ఆది జాకెట్టును కొత్త గుడ్డ మీద పరిచి గుర్తుకు గుర్తు కలిపినట్టు. ఆ గుర్తులే స్టిక్కర్లు. రెండు ఫొటోల్లోనూ ఒకే చోట ఉండాలి, ముట్టుకోనీయకండి అని నర్సమ్మ మరీమరీ చెప్పింది. చెప్పింది నాకు. అక్క అప్పుడు స్కాన్ గదిలో ఉంది.

మరి నేను అక్కకు ఏం చెప్పాను?

"గివి ఏంది తమ్మీ, నెత్తి నిండ బొట్టుబిళ్ళలు?" అంది బయటికొచ్చాక.

"బొట్టుబిళ్ళలా? టవర్లు అక్కా! నువ్వు మనసుల ఏమనుకున్నా డాక్టర్ రూంల టీవీల ఇనపడ్తది."

"నిజమే?"

"నీ తోడు."

"అయ్యో, పొద్దుగాల గా డాక్టర్ను తిట్టుకున్న గదరా!"

"ఇనే ఉంటడు. రేపు అడుగుతడు చూడు."

భయంతో అన్నం ముట్టని మనిషి ఆ పూట నాలుగు ముద్దలు తిన్నది. నాకెంత గర్వమో! లోకంలో నా కోతలతో ఒకరి కడుపు నిండింది ఆ ఒక్కసారే.

పొద్దున ఆమె ముఖం కడుక్కుని వచ్చాక చూస్తే, బాత్రూం అద్దానికి ఒక స్టిక్కర్ అంటి ఉంది. ఆడవాళ్లు ముఖం కడుక్కునేటప్పుడు బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటిస్తారు చూడండి, అచ్చం అట్లాగే.

"నేనే తీసిన, చెవు పక్కది," అంది గుసగుసగా. "నాకు భయమైతుందని ఆళ్లకు ఎర్కైతే ఆపరేషన్ ఆపుతరు తమ్మీ."

అప్పుడైనా చెప్పవచ్చు కదా? నర్సమ్మ తలుపు అవతలే ఉంది. నేనేం చేశాను? స్టిక్కర్‌ను అద్దం మీద నుంచి ఒలిచి, చెవి పైన అందాజాగా అంటించి, "గీ టవర్ బంద్ చేసిన, ఇగ ఇనపడదు" అన్నాను. ఆమె నమ్మింది. సీటీకి తీసుకుపోయారు.

మధ్యాహ్నం డాక్టరు మంచం దగ్గరికే వచ్చాడు. చెవి దగ్గర రెండు ఫొటోలు కలవడం లేదన్నాడు.

"ఏదన్న స్టిక్కర్ ఊడిందా? భయపడకుండ చెప్పుండ్రి. ఊడితే గదొక్కటి పక్కకు పెట్టి, మిగిలినవాటితోని రేపే చేస్తం. ఊడకపోతే ఫొటోలే తప్పు. మళ్ల మొదటి నుంచి తియ్యాలె."

అక్క నా వైపు చూసింది. ఒప్పుకుంటే ఎందుకు తీశారని డాక్టరు అడుగుతాడు, టవర్ల మాట అబద్ధమని ఆమెకు తెలిసిపోతుంది. నన్ను నమ్మే మనిషి ఒక్కతే, ఆ ఒక్కతె ముందు పలచనైపోతాను. ప్రాణం మీదికొచ్చిన మనిషి పక్కన నిలబడి నేను లెక్క చూసుకున్నది నా గొప్పనే.

"లే సారూ. ఒక్కటి గూడ ఊడలే."

అక్క తల దించుకుంది.

మళ్లీ స్టిక్కర్లు, మళ్లీ స్కాన్‌లు, మళ్లీ ఆపరేషన్ గది ఖాళీ కోసం ఎదురుచూపు. ఆ ఎదురుచూపులోనే ఆమెకు ఫిట్స్ వచ్చాయి, ఒకదాని మీద ఒకటి. తర్వాత గడ్డ తీశారు. మనిషి దక్కింది. మాట దక్కలేదు. ఇప్పుడు ఆమె నోట మిగిలినవి రెండే: "ఆఁ", "లే".

గడ్డ ఉన్న చోటు అట్లాంటిది, ముందే చేసినా మాట పోయేదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ను పట్టుకుని హాయిగా బతకొచ్చు. నాకొద్దు. మీరు కూడా దాన్ని నా చేతిలో పెట్టకండి. మర్నాడే ఆపరేషన్ అయ్యుంటే మాట ఉండేదా? తెలియదు. ఎన్నటికీ తెలియకుండా చేసిందే నేను.

పైగా ఏం చేశానో వినండి. కంప్యూటర్ చేతులెత్తేస్తే డాక్టరు నన్నే లోపలికి పిలిచాడని, నేను వేలు పెట్టి చూపిన చోటే కోసి అక్కను బతికించాడని హోటల్లో చాయ్ తాగుతూ ఏళ్ల తరబడి చెప్పాను. భలే పేరొచ్చింది. ఆ కథ ఇక చెప్పను. మిగతావి చెబుతాను. పాపం చేశాడు కాబట్టి నోరు కుట్టేసుకోవాలని ఎవరైనా అంటే, అనుకోనివ్వండి. చేప మీద నుంచి బండి దాటింది, అంతే.

మొన్న చెన్నూరులో అక్క ఇంటికి పోయి, ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. టవర్లు లేవని. స్టిక్కర్లు ఎందుకో నాకు ముందే తెలుసని. ఆమె ముందు తక్కువ కావద్దని డాక్టరుకు అబద్ధమాడానని. నిజమేనా అని ఆమె అడగలేదు కనుక "నిజమే అక్కా" అని నేనే అన్నాను. నాలుక కింద ఖాళీ అయింది. "ఆఁ" అంటుందా, "లే" అంటుందా అని ఆమె పెదవుల వైపే చూస్తున్నాను.

ఏదీ అనలేదు. ఎడమ చేత్తో నుదుటి మీది బొట్టుబిళ్ళను మెల్లగా ఒలిచి, గోడ అద్దానికి అంటించింది. మనసులో ఏమనుకుంటుందో నాకు వినపడకుండా.

ఈసారి దాన్ని తీసి నేను అంటించలేదు.