గాలి పడవ నడిపిన నా పాదాలు

చెప్పు జారిపోయిన సంగతి నాకు ఎదురింటి ఆమె చెప్పింది. హుజూర్‌నగర్‌లో ఎండలు ముదురుతున్న రోజులు. బజారులో లైనింగ్ గుడ్డ, దారపు రీళ్లు కొనుక్కొని మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తున్నాను. ఆమె నా కాళ్ల వైపు చూసి, "సునీతా, ఒక్క చెప్పుతోటి వస్తున్నవేంది, కాలు కాలుతలేదా?" అంది. కిందికి చూస్తే ఎడమ కాలికి చెప్పు లేదు. తారు రోడ్డు మీద ఎంత దూరం అట్లా నడిచానో తెలియదు. వెనక్కి వెళ్తే కిరాణా కొట్టు మలుపులో దొరికింది. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి అరికాలు బొబ్బ ఎక్కింది. నొప్పి మాత్రం లేదు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

నేను టైలర్‌ని. కాలితో తొక్కే మిషనే నాకు అలవాటు. మా ఆయన ప్రభాకర్ బోరు మోటార్లు రిపేర్ చేస్తాడు. ఆయనకు ఒక పిచ్చి ఉంది, పెళ్లయిన కొన్నేళ్లకు అది నాకూ అంటుకుంది. దాని పేరు హోవర్‌క్రాఫ్ట్. మేం గాలి పడవ అంటాం. పాత బైకు ఇంజన్ ఫ్యాన్‌ను తిప్పుతుంది, ఆ గాలి పడవ అడుగున చుట్టూ ఉండే గుడ్డ అంచులోకి పోతుంది, పడవ జానెడు పైకి లేస్తుంది. ఆ గుడ్డ అంచును స్కర్ట్ అంటారు. నేలైనా నీళ్లయినా బురదైనా దానికి ఒకటే. ఎండాకాలంలో ఆత్మకూర్ వైపు ఒక చెరువు సగం ఎండగానే మాలాంటి పిచ్చివాళ్లు ఐదారుగురు పడవలు తెచ్చుకుని పందెం పెట్టుకుంటాం. బరువు తక్కువ ఉన్నవాళ్లు నడిపితే మంచిది కాబట్టి, నలభై ఐదు కిలోల నేనే మా పడవకు డ్రైవర్‌ని. మా వీధిలో నన్ను చాటుగా గాలమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పడవకు బ్రేకులు ఉండవు. ఒళ్లు వంచి మలపాలి. స్కర్ట్ ఎక్కడైనా చినిగితే ముందుగా తెలిసేది పాదాలకే, కాళ్ల కింద చెక్క వణుకు మారుతుంది. పాదాలు మొద్దుబారితే నాకు మిషనూ లేదు, పడవా లేదు.

ఇక నా తెలివితక్కువతనం చెప్పాలి. స్కర్ట్‌ను అరవై ముక్కలతో కుడతాను. కుట్టులోంచి గాలి పోకుండా ప్రతి ముక్కకూ రబ్బరు గమ్ పూయాలి. మా ఊళ్లో రైసుమిల్లులు ఎక్కువ, ఊక బూడిద నల్లగా ఎగిరొచ్చి అన్నం కంచంలో కూడా పడుతుంది. గమ్ మీద ఆ నలుసు పడిందంటే అతుకు నిలవదు. అందుకని నేను కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, తలుపు కింద తడి గోనెసంచి కుక్కి పని చేసేదాన్ని. ఆ ఏడాది రెండు స్కర్టులు కుట్టే పని పెట్టుకున్నాను. దసరా పోయినప్పటి నుంచి, ఎండలు ముదిరాక కూడా, రోజూ మూడు నాలుగు గంటలు ఆ గదిలోనే. చేతులకంటిన గమ్‌ను థిన్నర్‌తో కడుక్కునేదాన్ని. తల తిరిగితే చాయ్ తాగేదాన్ని. మా ఆయన ఒకటి రెండుసార్లు కిటికీ తెరిస్తే కసిరి మూయించాను. చేజేతులా తెచ్చుకోవడం అంటే ఇదే.

బొబ్బ మానింది గానీ కాళ్లకు పట్టిన తిమ్మిరి పోలేదు. మేజోళ్లు తొడుక్కున్నట్టు చీలమండల దాకా ఎక్కింది. ఒకరోజు మా ఆయన నా అరికాలు చూసి ఉలిక్కిపడ్డాడు. గుండుసూది ఒకటి సగం దాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు.

మా ఊరి డాక్టరు షుగర్ అనుకున్నాడు. టెస్ట్ చేస్తే నార్మల్ వచ్చింది. థైరాయిడ్ నార్మల్. బి ట్వెల్వ్ కొంచెం తక్కువుందని ఇంజెక్షన్లు రాశాడు. నెల రోజులు పొడిపించుకున్నా తిమ్మిరి పిక్కలెక్కింది. మా అమ్మ చర్చిలో ప్రార్థన చేయించిన కొబ్బరినూనె తెచ్చి రోజూ రుద్దేది. ఆమె చేతులు కనిపించేవి గానీ తెలిసేవి కావు. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. నర్వ్ కండక్షన్ స్టడీ చేయించాడు. కాళ్లకు చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చి నరం ఎంత వేగంగా జవాబు చెప్తుందో కొలుస్తారు. నా నరాలు బద్ధకంగా పలికాయి. "పెరిఫెరల్ న్యూరోపతి అమ్మా. నరాల చివర్లు దెబ్బతిన్నాయి. కారణం దొరకాలి. మీరేం పని చేస్తారు?" అని అడిగాడు.

టైలరింగ్ అన్నాను. ఇంకేమైనా చేస్తారా అన్నాడు. ఇంటిపని అన్నాను. పెళ్లీడుకొచ్చిన కూతురున్న ఆడదాన్ని, చెరువులో పడవ పందేలు ఆడతానని అంత పెద్ద డాక్టరుకు చెప్పడానికి సిగ్గేసింది. మా ఊరి డాక్టరు అడిగినప్పుడూ ఇదే చెప్పాను. డాక్టరు ఇంకేవో టెస్టులు రాయడం మొదలుపెట్టాడు. మా ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. చెప్తే పడవ మూలకు పడుతుందని ఆయనకు తెలుసు. ఆ పడవకు ఆయన ఆరేళ్లు పెట్టాడు.

"సార్, ఈమె గాలి పడవ నడుపుతది. దానికి గమ్ పూస్తది, తలుపులు మూసుకొని," అన్నాడు.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. అంతా విని, ఆ గమ్ డబ్బా చూడాలన్నాడు. మా ఆయన మర్నాడే ఊరికి పోయి డబ్బా, థిన్నర్ సీసా రెండూ తెచ్చాడు. డాక్టరు కళ్లద్దాలు పైకి నెట్టి లేబుల్ చదివాడు. ఎన్-హెక్సేన్ అని చిన్న అక్షరాల్లో ఉంది, దాని ఆవిరి రోజూ పీలిస్తే నరాలు దెబ్బతింటాయట. గాలి ఆడే చోట వాడాలని దాని కిందే ఉంది. ఇన్నేళ్లలో ఆ డబ్బా మూత తప్ప ఇంకేదీ నేను చూడలేదు.

"మానేయడమే మందు. కానీ మానేశాక కూడా రెండు మూడు నెలలు ఇంకా ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది. అప్పుడు భయపడి నా మీద నమ్మకం వదులుకోవద్దు," అన్నాడు డాక్టరు.

నేను వదులుకున్నాను. గమ్ ముట్టని రెండో నెలలో పాదాలు వాలిపోయాయి, నడిస్తే నేలను టపటపా కొట్టేవి. వేళ్లు సూదిలో దారం ఎక్కించలేకపోయాయి. ఆయన మిషన్‌కు మోటారు బిగించాడు. దాని పెడల్‌ను ఎంత నొక్కుతున్నానో నాకు తెలియక ఒక పెళ్లికూతురి జాకెట్టు పాడుచేశాను. ఒప్పుకున్న గుడ్డలన్నీ ఆయనే ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చాడు. డాక్టరు తప్పు చెప్పాడని, ఇక నా బతుకు మంచం మీదేనని ఏడ్చాను.

ఆ రోజుల్లోనే ఆయన ఇంజన్ విప్పి, పడవను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు. "నేనే నిన్ను ఖరాబ్ చేసిన," అన్నాడు.

"నువ్వు కట్టిన పడవ ఏం చేసింది? నేను మూసిన కిటికీ చేసింది. దాన్ని జర ఉండనీ," అన్నాను. నామీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. పడవ మిద్దె మీదికెక్కింది, దాని మీద టార్పాలిన్ కప్పాడు.

నాలుగో నెలలో తిమ్మిరి పైకెక్కడం ఆగింది. ఫిజియోథెరపీలో కాలివేళ్లతో గులకరాళ్లు ఎత్తమన్నారు. ఇంట్లో నేను గుండీలు ఎత్తాను. మొదట పెద్ద కోటు గుండీలు, తర్వాత చొక్కా గుండీలు. మా అమ్మ పక్కన కూర్చుని, పిల్లకు అక్షరాలు దిద్దించినట్టు లెక్కపెట్టేది. ఎనిమిదో నెలలో ఒక పొద్దున మిషన్ దగ్గర అడుగు వేస్తే కాలు చురుక్కుమంది. గుండుసూది. నొప్పి అంత తియ్యగా ఎప్పుడూ అనిపించలేదు. "అమ్మా, గుచ్చుకున్నది," అని పిలిచాను. అమ్మ సూది తీసి, మోకాళ్ల మీద కూర్చుని నా పాదం పట్టుకుంది. ఆమె చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఆ సంగతి ఈసారి ఆమెకు చెప్పాను.

పూర్తిగా తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది. చలికాలంలో చిటికెనవేళ్లు ఇప్పటికీ మొద్దుబారతాయి. జాకెట్లు మళ్లీ కుడుతున్నాను. స్కర్ట్ ముక్కలకు ఇప్పుడు రెండు కుట్లు వేసి గమ్ బాగా తగ్గించాం. ఆ కాస్త కూడా ఆయనే, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, మిల్లులకు దూరంగా మా అన్న పొలంలో చెట్టు కింద పూస్తాడు. నన్ను దగ్గరికి రానివ్వడు.

పోయిన ఎండాకాలం ఆత్మకూర్‌లో మళ్లీ పడవెక్కాను. రెండో చుట్టులో ఎడమ పాదం కింద వణుకు మారింది. ఇంజన్ తగ్గించి ఒడ్డుకు మలిపాను. ఆయన పరుగెత్తుకొచ్చి వంగి చూశాడు. వెనక ఎడమవైపు, మూడో ముక్క చినిగి ఉంది. బెత్తెడు కూడా లేదు. "ఎట్ల తెలిసింది?" అన్నాడు. పాదం చూపించాను. చెరువు ఒడ్డున అందరి ముందూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆరు పడవల్లో మాది ఆఖరిది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే కూలీ వచ్చే పని ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. సరదాకు చేసేది, ఆదివారం చేసేది, నలుగురూ నవ్వేది, అదీ చెప్పండి. వాడే డబ్బా ఉంటే రిపోర్టులతో పాటు పట్టుకుపోండి. సిగ్గును చెప్పులతో పాటు దవాఖాన గడప బయటే విడవండి. వచ్చేటప్పుడు మాత్రం చెప్పులు తొడుక్కోండి, రెండూ.