మోకాలికి కట్టిన కట్టు

ఆసుపత్రి ఎముకల విభాగంలో పిండికట్లు వేసే ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. ఇరవై ఆరేళ్లుగా చేతులకూ కాళ్లకూ తెల్లగా పూతలు పూస్తున్న మనిషికి అంతకంటే తగిన పేరు ఎవరికీ తోచలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లు లోకంలో ఉంటారు. ఈయన ఎదుటివాడు కుంటితే ఎముకలు లెక్కపెట్టేవాడు. డాక్టర్లు ఎక్స్‌రే తీసి చెప్పేది మనిషి గుమ్మం దాటకముందే తాను చెప్పగలనని ఆయన నమ్మకం.

అది పూర్తిగా గాలి కబురు కూడా కాదు. ముంజేయి వంకర తిరిగిన పిల్లవాణ్ణి తల్లి ఏడుస్తూ ఎత్తుకొస్తే, పచ్చికొమ్మలా వంగి ఒక పక్కే చిట్లిందని, నెల తిరక్కుండా వీడు మళ్లీ గోడ దూకుతాడని చెప్పేవాడు. దూకేవాడు కూడా. బండి మీంచి పడి కాలు నాలుగు ముక్కలు చేసుకొచ్చిన కుర్రాడికి, తన పిండి చాలదనీ రాడ్డు తప్పదనీ స్ట్రెచర్ వెంట నడుస్తూనే తీర్పు చెప్పేవాడు. యాభై దాటిన ఆడవాళ్లు తడి నేల మీద జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు ఎక్కడ విరుగుతుందో వేలు పెట్టి చూపేవాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఇంత జరిగాక కూడా ఎక్స్‌రే అడిగితే, పాపం చదువుకున్న పిల్ల కదా అని జాలిపడేవాడు.

ఇంతటి సర్వజ్ఞుడి ఇంట్లో, డెబ్బై ఎనిమిదేళ్ల అత్తగారు ఒకరోజు పొద్దున కుర్చీలో అనుకొని దాని పక్కన నేల మీద కూలబడింది. మెల్లగా లేచి వంటింటిదాకా నడిచి, మోకాలు లాగుతోందంది. భార్య ఆసుపత్రికి వెళ్దామంది.

"విరిగితే నడుస్తుందటే? నా సర్వీసులో అలాంటి కాలు ఒక్కటీ చూళ్లేదు. పట్టేసిందంతే" అన్నాడు మేస్త్రి.

అని ఊరుకోలేదు. మోకాలికి ఒక్క మడత తేడా లేకుండా బ్యాండేజీ చుట్టాడు. కదలకపోతే కీళ్లు బిగుసుకుపోతాయని మూడు రోజులు పొద్దునా సాయంత్రం వరండాలో ఆమెను దగ్గరుండి నడిపించాడు. అంత శ్రద్ధ గల అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు? నాలుగో రోజు ఆమె మంచం దిగలేకపోయింది. భార్య ఈసారి ఆయన్ని ఏమీ అడగకుండా బండి పిలిపించింది.

డాక్టరమ్మ కట్టు విప్పి మోకాలు నొక్కింది. పెద్దావిడ చలించలేదు. తొడను కాస్త లోపలికి తిప్పగానే మాత్రం నొప్పి తట్టుకోలేక డాక్టరమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది. ఎక్స్‌రే చీటీ మీద తుంటి అని ఉండటం చూసి, మోకాలు అనబోయి పొరపాటున రాశారేమోనని మేస్త్రి సరిదిద్దబోయాడు.

ఫిల్ములో తొడ ఎముక తుంటి దగ్గర, మెడలా సన్నబడే చోట విరిగి ఉంది.

"ముక్కలు ముందు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి, అందుకే నడవగలిగారు. తర్వాత నడకకి పక్కకి జరిగాయి" అంది డాక్టరమ్మ. "తుంటి విరిగితే కొందరికి నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది, మేస్త్రిగారూ. మొదటిరోజే తెస్తే స్క్రూలతో సరిపోయేదేమో. ఇప్పుడు తుంటి కీలులోని బంతినే మార్చాలి. కట్టు మాత్రం బాగా కట్టారు, ఎవరో."

"మా అల్లుడేనమ్మా" అంది పెద్దావిడ. "నొప్పి తగ్గలేదంటే నొచ్చుకుంటాడని చెప్పలేదు."

  మేస్త్రి విప్పిన బ్యాండేజీని తీసుకెళ్లి, బయట బల్ల మీద కూర్చుని ఒక్క మడత తేడా లేకుండా చుట్టాడు. తర్వాత లోపలికి వెళ్లి, "తప్పు నాదే అత్తయ్యా" అన్నాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఉండలేదు గనక, భార్య మరోసారి అనమంది.

ఆపరేషన్ అయింది. రెండు నెలలకు అత్తగారు వాకర్‌తో వరండా దాకా రాగలిగింది. ఈసారి ఎంత నడవాలో ఆమే చెబుతోంది, అల్లుడు పక్కన నడుస్తున్నాడు.

ఆసుపత్రిలో మాత్రం ఎక్స్‌రే గదివాళ్లకు కష్టకాలం వచ్చింది. మోకాలు నొప్పి అన్న ప్రతి ముసలి ప్రాణికీ తుంటి ఫిల్ము తీయించేదాకా మేస్త్రి డాక్టరమ్మను వదలడం లేదు. మొన్న పంటి నొప్పితో దారి తప్పి వచ్చిన ఒక తాతను కూడా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా అని అడిగాడట.